ముసురు దినములలో మా మార్కాపురము

మంచు ఎట్లుండునో కన్నులార చూచిన స్త్రీలు మా ప్రాంతమున మిక్కిలి అరుదు. నాకు మంచుతో మొదటి పరిచయము మనుచరిత్రములో కలిగినది. పాదలేపముతో హిమాలయమునకు ఎగిరిపోయిన ప్రవరుని కాలిపసరు మంచునీటికి కరగిపోవుటయు, ఇల్లు చేరు దారి లేక ఆ బ్రాహ్మణుడు అల్లాడుటయు చదివిన నాడు, చదువు చెప్పుచున్న మా తాతగారిని, "ఇంటిదగ్గర ఆయన తల్లిదండ్రులును, భార్యయు ఆ దినమంతయు ఏమి చేసియుందురు తాతా?" అని యడిగితిని. తాతగారు నవ్వి, "ఆ సంగతి పెద్దనగారు చెప్పలేదమ్మా!" అనిరి.

మంచులో చిక్కిన యింటి సంగతి నాకు తరువాత మా చెల్లెలు చెప్పినది. ఆమె అమెరికాలో ఈరీ సరస్సు తీరమందలి బఫెలో నగరమున కాపురముండుచున్నది. 2022 డిసెంబరు 23వ తేదీని అచ్చట మొదలైన మంచుతుపాను నాలుగు దినములు విడువలేదు. సరస్సుమీదుగా వీచు చలిగాలి ఆ నీటితేమను త్రాగి, గట్టు చేరగానే దానినంతయు మంచుగా కుమ్మరించునట. విమానాశ్రయముకడ నాలుగడుగులకు పైగా పడినది. బండ్లు నడుపరాదని అధికారులు ఆజ్ఞ యిచ్చిరి. దారిలో బండ్లలో చిక్కుకొనియు, వెచ్చదనము లేని యిండ్లలోను ఆ చుట్టుప్రక్కల నలుబదిమందికి మించి మరణించిరి. మా చెల్లెలు, మరిది, బిడ్డ ముగ్గురును ఒక్క గదిలో చేరి, కిటికీలకు కంబళ్లు వ్రేలాడగట్టి, గొట్టములలో నీరు గడ్డకట్టి పగులకుండుటకై కొళాయిని సన్నని ధారగా విడిచి, పప్పును ఆవకాయను నమ్ముకొని ఆ దినములు గడపిరి. "అక్కా, తలుపు తీస్తే ఎదురుగా మంచుగోడ! మన మార్కాపురంలో ఈ బాధ లేదు. మీరు అదృష్టవంతులు" అని ఆమె టెలిఫోనులో అన్నప్పుడు నేను బదులు పలుకలేదు. పెండ్లియై దూరదేశమునకు పోయిన ఆడుపిల్లకు పుట్టినూరు ఎప్పుడును ఎండ కాయుచున్న వాకిలిగానే కనుపించును కాబోలు! ఆమెకును, మా సీమ యనగానే వడగాలి తప్ప మరేమియు తోచని కోస్తా సోదరీమణులకును మా ముసురు దినముల సంగతి తెలుపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మార్కాపురమనగానే పలువురకు పలక జ్ఞప్తికి వచ్చును. అది సహజమే. మా తరము వరకు తెలుగునాట ఓనమాలు దిద్దిన బిడ్డలలో ఎందరి చేతులలోనో మా నేలను త్రవ్వి తీసిన రాయియే ఆడినది. చెన్నకేశవస్వామి కోవెలయు, గుండ్లకమ్మయేరును, కనుచూపుమేర కందిచేలును మాకున్న తక్కిన పేరుప్రతిష్ఠలు. పడమట నల్లమల అడ్డముగా నిలిచియున్నది. దక్షిణమున, తూర్పున వెలికొండల వరుస. గిద్దలూరు నుండి మార్కాపురము దాక రైలులో కూర్చుండి చూచిన యెడల కొండకును కొండకును నడుమ వెడల్పైన ఎఱ్ఱని పళ్లెమువలె మా సీమ కానవచ్చును. నైఋతి ఋతుపవనము పడమటికొండలపై తన బరువు చాలవరకు దింపుకొని మా కడకు వచ్చుసరికి వట్టి గాలి మిగులును. అందుచే ఆషాఢ శ్రావణములు చూచి చూచి, భాద్రపదము నాటికి గుడి మండపములో విరాటపర్వము చదివింతురు. అది చదివిన వాన కురియునని పెద్దల నమ్మకము. నేనును బాల్యమున గిద్దలూరిలో మా తాతగారి ప్రక్కన కూర్చుండి పద్యములు అందించినదాననే. ఒక్కొక్క యేడు పర్వము ముగియకమునుపే చినుకు రాలెడిది. ఒక్కొక్క యేడు ఉత్తరగోగ్రహణము రెండుమారులు చదివినను మబ్బు కదలెడిది కాదు.

ఆ పిమ్మట ఆశ్వయుజ కార్తికములు వచ్చును. అప్పుడు మా చూపు పడమటి కొండలను విడిచి తూర్పు సముద్రమువైపు తిరుగును. సముద్రము మాకు సుమారు నూరు కిలోమీటర్ల దూరము. మా వీధిలోని ముసలివారిలో దానిని చూడనివారు కలరు. అయినను మా కుండలో నీళ్లు నిండుట ఆ సముద్రములో పుట్టెడి వాయుగుండము మీద ఆధారపడియున్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనవంటిది మమ్ము చేరజాలదు. తీరమున ఇండ్లెగురగొట్టు గాలి మా కడకు వచ్చుసరికి సగము చచ్చును. వాన మాత్రము చావదు. రెండు మూడు దినములు రాత్రింబవళ్లు ఒకే తీరున పట్టి కురియును. దానినే మేము ముసురందుము. తీరమువారికి ముసురు తుపానులో చిన్న భాగము. మాకదియే తుపాను, ఏలయన మా యిండ్లు మంటితో కట్టినవి.

ఈ ప్రాంతము 1970 వరకు కర్నూలు జిల్లాలోనిది. ఆ యేడు క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో దీనిని కలిపిరి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. జిల్లా మారినది గాని యిండ్లు మారలేదు, అవి రాయలసీమ మిద్దెలే. మిద్దె యనగా కోస్తావారు మేడ యనుకొందురు. మా మిద్దె అది కాదు. రాతిని మట్టితో కూర్చి మోచేతి పొడవునకు మించిన మందమున గోడలు లేపుదురు. వానిపై దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై పలకబండలో, సన్నకట్టెలో పరచుదురు. దానిమీద ఆకు అలముల పొర యొకటి, తడిమట్టి పొర యొకటి, అన్నిటికిని పైన జానెడు మందమున చౌడు. నీరు నిలువకుండ ఒక ప్రక్కకు వాలు దీర్చి అంచున దోనె పెట్టుదురు. వెలుతురునకై కప్పులో రంధ్ర మొకటి విడుతురు. పుస్తకములలో గవాక్షమన్న మాట మా వంటయిండ్లలో గవాచి యైనది. వేసవిలో ఈ యింటిలోని చల్లదనము సిమెంటు కప్పు క్రింద ఉడుకువారికి తెలియదు. ఇప్పుడు పట్టణమున సిమెంటు ఇండ్లే హెచ్చు. పాతవీధులందును పల్లెలందును మిద్దెలింకను నిలిచియున్నవి. మా యింటికి ముందరి సగము సిమెంటు కప్పు. వెనుకటి వంటయిల్లు అత్తగారి నాటి మిద్దె.

చౌడనగా పైరుకు పనికిరాని ఉప్పునేల మన్ను. రైతు దానిని చూచి ముఖము చిట్లించుకొనును. ఇల్లాలు గంపలకెత్తించి తెప్పించుకొనును. ఆ మంటిలో సోడియపు లవణములు హెచ్చుగా నుండును. తడిసినంతనే దానిలోని సన్నని రేణువులు విడివడి సందులన్నిటిని పూడ్చివేయును. నీరు లోనికి దిగదు. పొలములో వేళ్లకు నీరందనీయని గుణమే మిద్దెపై మా తలలు తడువకుండ కాచుచున్నది. ఏటేట తొలకరికి మునుపు మిద్దెనెక్కి, మొలచిన గడ్డి పెరికి, చీమపుట్టలు, ఎలుకబొరియలు పూడ్చి, క్రొత్తచౌడు పరపవలెను. గడ్డివేరు ఎండిపోయి విడిచిన సన్నని దారియే చాలును. ముసురులో రెండవ రాత్రి సరిగా పడకమీద చుక్క పడును. మా వైపున ఇల్లు కారుచున్నదనరు, ఉరియుచున్నదందురు.

ఉరియుట మొదలుపెట్టిన తరువాత క్రింద గిన్నె పెట్టి ఊరకుండరాదు. ఎవరో యొకరు గోనెసంచిని తలపై ముసుగుగా వేసికొని నిచ్చెనయెక్కి, ఆ చోటున పొడిచౌడు పోసి మడమతో త్రొక్కవలెను. తడిచౌడు అందులకు పనికిరాదు. కావున పొడిచౌడు రెండు మూడు గంపలు ముందుగానే యింటిలో దాచియుంచుట మాకు ఉప్పు చింతపండు దాచుకొనుటతో సమానము. నేను క్రొత్తగా కాపురమునకు వచ్చిన యేడు అత్తగారు ధాన్యపు గాదె ప్రక్కన చౌడుగంపలు పెట్టించుచుండగా నాకు నవ్వు వచ్చినది. ఆమె నావైపు చూచి, "నవ్వబాక. బియ్యమైతే బదులు దొరుకుతాయి. ముసురులో పొడిచౌడు ఎవరిస్తారే నీకు?" అనినది. బఫెలోలో కప్పుమీద పేరిన మంచును పారలతో క్రిందికి త్రోసి యింటి బరువు తగ్గించుకొందురట. మేము వానలో మంటిని పైకి మోసి బరువు పెంచుకొందుము! అందు అపాయము లేకపోలేదు. నానిన చౌడు బరువు, దానిపై పోసిన చౌడు బరువు, క్రింద నానుచున్న మంటిగోడ. ఎంతవరకు పోయవచ్చునో, ఎప్పుడు ఇల్లు విడిచి పోవలెనో తెలిసికొనుటలోనే ఆడుదాని నేర్పంతయు నున్నది.

అత్తగారు నేర్పిన గురుతులు కొన్ని చెప్పెదను. గోడ అడుగున తడిగీత ప్రతిదినము పైకెగబాకుట యొకటి. గోడ నడుమ కడుపుతో నున్నట్లు ఉబ్బుట రెండవది. నిన్నటి దాక సులువుగా పడిన తలుపు నేడు ద్వారబంధములో బిగిసిపోవుట మూడవది. ఇది అన్నిటికంటె చెడ్డది, గోడ క్రుంగినదని తలుపు చెప్పుచున్నదన్నమాట. దంతెల సందునుండి పొడిమన్ను రాలిన భయములేదు, తడిమన్ను ముద్దగా రాలిన పిల్లలను తీసికొని బయటపడవలెను. మఱియొక సంగతి. మంటిగోడ వానలో పడుటకంటె వాన వెలిసిన పిదప, ఎండ తగిలి ఆరునప్పుడు పడుట తరచు. ఈ మాట మా పల్లెలలో చిన్నపిల్లలకు సైతము తెలియును. పట్టణపు పిల్లలు మరచుచున్నారు.

పూర్వము ముసురు రాకను చీమలనుబట్టియు, తూర్పుగాలిలో వచ్చు బరువునుబట్టియు తెలిసికొనెడివారు. ఇప్పుడు భారత వాతావరణశాఖవారు మూడు నాలుగు దినములు ముందుగానే చెప్పుచున్నారు. సెల్లుఫోనులో హెచ్చరిక మ్రోగును. ఆ వ్యవధి మాకు పెద్ద వరము. మిద్దెపై ఆరబోసిన మిరపకాయలు, చింతపండు, వడియములు మొదట దించవలెను. పిడకలు, ఎండుకట్టెలు వసారాలోనికి చేర్పవలెను. గ్యాసు పొయ్యి యున్నదిగదా యని కట్టెలను అలక్ష్యము చేయువారిని చూచుచున్నాను. దారులు తెగిన నాడు రెండవ సిలిండరు వచ్చుట కల్ల. జొన్నపిండి, కొర్రబియ్యము, ఉలవలు వారమునకు సరిపడ చూచుకొందును. ఉలవలు ఉడికించిన నీటితో కాచిన చారు రెండు పూటలు నిలువ యుండును, ఒంటికి వేడినిచ్చును, కూరగాయలు లేని లోటు తెలియనీయదు. ఉప్పుజాడీ మూతికి గుడ్డకట్టి పొయ్యిగట్టున పెట్టనియెడల రెండు దినములకు నీరై కూర్చుండును. ఫోనులు, బ్యాటరీదీపములు విద్యుత్తున్నప్పుడే నింపియుంచవలెను. ఇంటి పట్టాలు, పిల్లల చదువు కాగితములు, ఆధారు కార్డులు నూనెగుడ్డసంచిలో చుట్టి పెట్టెలో అడుగున గాక పైన పెట్టుదును. అడుగుననే మొదట తడియును.

పసిబిడ్డలున్న యింట బట్టలారుట పెద్ద సమస్య. కుంపటిలో కణకణలాడు నిప్పులుపోసి, దానిపై వెదురుగంప బోర్లించి, బట్టలు దానిమీద పరచి సాంబ్రాణి చల్లుట పాతపద్ధతి. మంచి పద్ధతియే. అయితే కుంపటిని వసారాలోనే యుంచవలెను. తలుపులు బిగించిన గదిలో బొగ్గునిప్పు పెట్టుకొని నిద్రించిన వారిని ఆ పొగ చప్పుడు లేకుండ చంపును. తేళ్లును, పాములును పొడిచోటు వెదకుకొనుచు మనయింటికే వచ్చును. చీకటిలో కట్టెలమోపులో చేయి పెట్టరాదు.

2025 అక్టోబరులో వచ్చిన తుపానునకు మొంథా యని పేరు. థాయిలాండువారు పెట్టిన పేరట. వారి భాషలో అదియొక పరిమళపుష్పము. ఇంత యాగడపు గాలికి పూవు పేరేమని మా పిల్లలు నవ్విరి. నాగులచవితి గడచిన మూడవనాడు, అనగా 28వ తేదీ మంగళవారము రాత్రి, అది నరసాపురము చెంత తీరము దాటినది. అంత దూరమున తీరము దాటినను దాని వాన మామీదికి వచ్చి పడినది. ఆ దినముననే మధ్యాహ్నమునుండి ముసురు పట్టినది. బడులకు సెలవులిచ్చియుండిరి. మా వారికి మాత్రము సెలవు లేదు. మిద్దెలు ఉరియువారు తలదాచుకొనుటకై బడిగదులు తెరువవలెను. తాళపుచెవులు ఆయనకడ నున్నవి. ఆయన గొడుగు వేసికొని బడికి పోగా, నేను మా సందులోని యిండ్లు చూచి వచ్చుటకు బయలుదేరితిని.

మా పెరటిగోడ నానుకొని యొక యవ్వ యిల్లున్నది. ఆమెకు డెబ్బదియేండ్లు దాటినవి. కొడుకు కూలిపనికై హైదరాబాదులో నున్నాడు. ఒక మేక, రెండు గంపల పొడిచౌడు, నాలుగు ఇత్తడి బిందెలు ఆమె సంసారము. నేను పోవుసరికి ఆమె నిచ్చెన దిగుచున్నది, కాళ్లు మోకాళ్లదాక బురద. పడమటిగోడ నడుమ ఉబ్బియున్నది. తలుపు నేను రెండుచేతుల త్రోయవలసి వచ్చినది. "అవ్వా, బడికి పోదాం రా" అంటిని. ఆమె పొయ్యి రాజబెట్టుకొనుచు, "నువ్వు పో అయివోరమ్మా. ఈ మిద్దె మా ఆయన కట్టింది. ఇన్నేండ్లు కాచింది, ఈ రాత్రి కాయదా?" అనెను. తలుపు బిగిసిన సంగతి చూపితిని. "ఈ తలుపు ప్రతి ముసురుకూ ఇంతే" అనెను. అది నిజము కాదని ఆమెకు తెలియును. నాకు తెలియునని కూడ ఆమెకు తెలియును. ఎంత చెప్పినను వినకపోగా, చీకటిపడుచుండగా, కడపట నేను మేకపలుపు విప్పి, "సరే, దీన్నయినా తీసకపోతాను, నోరులేని జీవం" యని వసారా దిగితిని. పది యడుగులు వేయకముందే వెనుకనుండి, "దానికి చీకట్లో కొత్తచోట నిలవడం చేతగాదు, ఉండు" అను కేక వినవచ్చినది. బిందెలకు మూతలు పెట్టి, గొంగడి కప్పుకొని ఆమె నావెంట వచ్చినది.

ఆ రాత్రి బడిలో ముప్పదిమంది చేరితిమి. స్త్రీలకును పిల్లలకును రెండు గదులు, మగవారికి వసారా. ఇట్టి చోట్ల ఆడువారికి అన్నిటికంటె ముందుగా కావలసినవి మరుగుదొడ్డి దారిలో ఒక దీపమును, గదికొక తెరయు. అన్నము కొంచెము ఆలస్యమైనను ఓర్చుకొందురు. పాతచీర తెరగా కట్టి, బ్యాటరీదీప మొకటి దొడ్డిగుమ్మమున వ్రేలాడదీసితిమి. మధ్యాహ్నభోజనపు పాత్రలలో పెసరపప్పు పులగము వండితిమి. విద్యుత్తు పోయినది. ఫోనులు లేక తోచక ఏడ్చు పిల్లలకు మా వారు బీరువాలోని పాతపలకలు తీసి యిచ్చిరి. మార్కాపురములో పుట్టియు పలకమీద వ్రాసి యెరుగని పిల్లలు ఆ రాత్రి బలపములరుగదీసిరి. పెద్దలకు నిద్రపట్టక నన్నేమైన చెప్పుమనగా భాగవతమునుండి గోవర్ధనోద్ధరణము చెప్పితిని. ఏడుదినములు కృష్ణుడు కొండను గొడుగుగా పట్టెనని చెప్పగా అవ్వ మూలనుండి, "ఆయనకు ఎండినకొండ దొరికింది. నానినమిద్దె ఎత్తి చూడమను!" అనినది. గదియంతయు నవ్వు. భయము కొంత తీరినది.

మరునాడు సాయంకాలమునకు వాన పలుచబడినది. తలుపు తీసి బయటికి చూచిన స్త్రీలు మొదట అడిగినది తమ యిండ్ల సంగతి కాదు, "కంభం చెరువుకు నీళ్లొస్తున్నాయంటనా?" యని. దీనికి కారణము పైవారికి చెప్పనిదే తెలియదు. కంభము మాకు రైలులో రెండవ స్టేషను. అచ్చట రెండుకొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా ఏబది యడుగులకు మించిన కట్టవేసి చెరువు నిర్మించిరి. విజయనగరరాజుల కాలపు పని. వరదరాజమ్మ యను రాణి కట్టించెనని జనులు చెప్పుకొందురు. పొడవు సుమారు ఏడు కిలోమీటర్లు. దానిక్రింద పదివేల యెకరముల ఆయకట్టు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థవారు దీనిని ప్రపంచ వారసత్వ కట్టడములలో చేర్చిరి. తొలకరివానకు ఇంత చెరువు నిండుట అరుదు. ముసురువానకు నల్లమల వాగులన్నియు ఒక్కసారి కదలివచ్చినప్పుడే దానికి నిండుదనము. అది నిండిన యేట చుట్టుప్రక్కల గ్రామముల బావులూరును. స్త్రీలు పిల్లలను చంకనెత్తుకొని కట్టమీదికి పోయి పసుపుకుంకుమలు వేసి వత్తురు. అది నిండని యేట ట్యాంకరుబండి వెనుక బిందెలు పట్టుకొని నిలువబడుదురు. నల్లమలను దొలిచి శ్రీశైలపు నీటిని తెచ్చుటకై వెలిగొండ ప్రాజెక్టునకు 1996లో శంకుస్థాపన జరిగినది. ఆ నీటికై ఎదురుచూచుచునే మా అత్తగారు కాలముచేసిరి. తన యింటిని కూల్చు వాననే, చెరువు నింపుమని వేడుకొను స్త్రీల మనస్సు ఎట్టిదో నేను వ్రాయలేను. ఆ సాయంకాలము వారి ముఖములలో చూచితిని.

మా బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు ఏండ్లతరబడి త్రాగిన పిల్లల పండ్లు గారపట్టును, పెద్దల యెముకలు, కీళ్లు బిగిసిపోవును. కాచిన పోవునుకదా యని కొందరనుకొందురు. పోదు. నీరు ఆవిరియగుకొలది మిగిలినదానిలో ఫ్లోరైడు మరింత చిక్కనగును. వాననీటిలో ఇది యుండదు. అందుచే ముసురులో మా యిండ్ల ఆడువారికి పని రెండింతలు, లోపలికి నీరు రాకుండ చూచుకొనవలెను, బయట నీరు పోకుండ పట్టుకొనవలెను. తొలివానకు గాలిలోని ధూళి దిగును, దానిని విడిచివేయవలెను. పిదప ఉతికిన తెల్లపంచె నాలుగుకొనలు పెరటిలో నాలుగు గుంజలకు కట్టి, నడుమ కడిగిన గులకరాయి వేసి, క్రింద బిందె పెట్టిన యెడల సన్నని ధార దిగును. మిద్దె దోనెనీరు పశువులకును, అంట్లకును మాత్రమే. అందులో చౌడు కలసియుండును. సిమెంటు కప్పు నీరు పట్టదలచినవారు తుపాను వార్త వినగానే కప్పు చిమ్మి కడుగవలెను. పట్టిన నీటిని వడగట్టి, మూసి, త్రాగుటకు ముందు కాచుకొనిన చాలదినములు వచ్చును. ఆ నీటితో ఉడికిన కందిపప్పు ఎంత మెత్తనగునో, టీ ఎంత రుచియగునో మా పిల్లలు ఏడాదికి సరిపడ చెప్పుకొందురు.

30వ తేదీని జల్లు నిలిచినది. 31న తెల్లవారుసరికి ఎండ. బడిలోనివారందరు మూటలు కట్టుకొనిరి. మా వారు గుమ్మమున నిలిచి, మిద్దెలవారు మరి రెండు దినములు ఆగవలెనని బ్రతిమాలిరి. కొందరు ఆగిరి, కొందరు వెడలిరి. అవ్వ మేకకు మేత లేదని రుసరుసలాడినది. మా పెరటిలోని అవిసాకు కోసి యిచ్చి కూర్చుండబెట్టితిని. ఆ మధ్యాహ్నము భోజనముల వేళ మా పెరటివైపున బస్తాలు జారిపడినట్లు చప్పుడైనది. పోయి చూచితిమి. ఉబ్బిన పడమటిగోడ లోనికి ఒరిగి పడినది. పొయ్యియు, ఆమె ప్రతిరాత్రి చాపవేసికొను చోటును ఆ గోడ క్రిందనే. ఒక దూలము జారి, చౌడంతయు నడుమ కుప్పయై యున్నది. అవ్వ చాలసేపు పలుకలేదు. పిమ్మట, "ఆ మూలకు పోయి చూడు నాయనా, బిందెలు బాగున్నాయా?" అని మా వాని నడిగినది. మూడు బాగుగానే యున్నవి, మూతలు కూడ కదలలేదు. ముసురునకు ముందటి సాయంకాలము పట్టిన నీరు గాదు, ఆమె తొలివాన విడిచి పట్టిన మంచినీరు. వానిని మా వంటయింటికి చేర్చినాము.

ఆ చుట్టుప్రక్కల కందిచేలలో పూత సగము రాలినది, ప్రత్తి నల్లబడినది. ఆ లెక్కలు మగవారు చెప్పవలసినవి. కొడుకు హైదరాబాదునుండి వచ్చి, ఈమారు సిమెంటు కప్పే వేయింతునని నిశ్చయించినాడు. అవ్వ ఒప్పుకొన్నది గాని, వంటయింటికి మాత్రము మిద్దెయే కావలెనని పట్టుబట్టియున్నది. వేసవిలో సిమెంటు క్రింద రొట్టెలు కాల్చుట తనవల్ల కాదట. వాదము ఇంకను తెగలేదు. కూలినకుప్పలోనుండి ఆమె తన చేతులతో వేరుచేసి, జల్లించి, ఆరబెట్టిన చౌడు రెండు గంపలు మా గాదె ప్రక్కన నున్నవి.